వార్ట్‌బుర్గ్ కోటలో పెదవి మాట

హైదరాబాదులో రెండేళ్లు నేర్చుకున్న జర్మన్‌తో నేను మొదట దిగిన ఊరు హాంబుర్గ్. అక్కడి చేపల సంతలో ఇద్దరు వృద్ధులు 'వాసర్' అనవలసిన నీళ్లను 'వాటర్' అనీ, 'ఇష్' అనవలసినచోట 'ఇక్' అనీ మాట్లాడుకుంటుంటే, ఇంగ్లీషు కలుపుతున్నారేమోనని భ్రమపడ్డాను. అది ఉత్తరాది ప్లాట్ భాష. సుమారు 1,400 ఏళ్ల క్రితం దక్షిణాది కొండ ప్రాంతాలలో మొదలై ప, ట, క ధ్వనులను మార్చివేసిన పరిణామం ఆ తీరం దాకా రాలేదు.

ఈ రెండు జర్మన్‌లూ ఎక్కడ రాజీపడ్డాయో చూడాలని ఐజెనాఖ్ పట్టణానికి రైలెక్కి, ఊరి పైనున్న వార్ట్‌బుర్గ్ కోటకు కాలినడకన చేరుకున్నాను. పోపును ధిక్కరించిన క్రైస్తవ మత సంస్కర్త మార్టిన్ లూథర్ 1521 మే నుంచి 1522 మార్చి వరకు గడ్డం పెంచుకుని, మారుపేరుతో ఇక్కడే తలదాచుకుని, గ్రీకు మూలం నుంచి బైబిలులోని కొత్త నిబంధనను సుమారు 11 వారాలలో అనువదించాడు. గది చిన్నది, చెక్క గోడలు, బల్ల, కాలిపీటగా ఒక తిమింగలం వెన్నుపూస. సైతానుపైకి ఆయన విసిరాడని చెప్పే సిరాబుడ్డి మరక కోసం అందరూ గోడంతా వెతుకుతారు గానీ, దానిని యాత్రికులు ఏనాడో గీకి పట్టుకుపోయారు.

నన్ను అక్కడ నిలబెట్టినవి మాటలు. సాక్సనీ పాలకుల కచేరీలో దస్తావేజులు రాసే భాషను అనుసరిస్తున్నానని లూథర్ చెప్పుకున్నాడు. అది ఉత్తర దక్షిణాల నడుమ ప్రాంతానిది కనుక ఇరువైపులా అంతో ఇంతో అర్థమయ్యేది. కానీ దస్తావేజుల భాషలో ఏ తల్లీ బిడ్డను పిలవదు కదా! ఇంట్లో తల్లిని, వీధిలో పిల్లలను, సంతలో సామాన్యుణ్ణి అడగాలని 1530 నాటి లేఖలో ఆయనే వాదించాడు. అయినా 1523లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగర ముద్రాపకుడు ఆడం పెట్రి ఆ గ్రంథాన్ని తిరిగి అచ్చువేసినప్పుడు, దక్షిణాది పాఠకులకోసం పదాల పట్టిక జోడించవలసివచ్చింది. పెదవికి లూథర్ వాడిన మాట 'లిప్పె'. దక్షిణాదివారి మాట 'లెఫ్‌ట్సె'. చివరికి 'లిప్పె'యే నిలిచింది. అంతమాత్రాన నేటి జర్మన్ అంతా ఆయన ఒక్కడి సృష్టి అనడం అతిశయోక్తి. ఉమ్మడి వర్ణక్రమ నియమాలు కుదరడానికే 1901 దాకా పట్టింది.

కొండ దిగాక, కాఫీ కొట్టు ముందు కుక్కతో కూర్చున్న ఒక పెద్దాయనను 'లెఫ్‌ట్సె' అంటే ఏమిటండీ అని అడిగాను. ఆయన నవ్వి, కుక్క మూతి పక్కన వేలాడుతున్న పెదవిని వేలితో ఎత్తి చూపించాడు.