వీడియో హాస్టల్లో, చుక్కలు ల్యాబ్‌లో

సెలైన్ నిమిషానికి ఎన్ని చుక్కలు పడాలో తేల్చే డ్రిప్ రేటు లెక్క, విద్యార్థులకి ఏళ్ల తరబడి బోర్డు మీదే చెప్పాను. అందరూ తలూపేవారు, వార్డులో సెలైన్ స్టాండు ముందు బిక్కమొహం వేసేవారు. ఈసారి 12 నిమిషాల వీడియో ముందురోజే వాట్సాప్‌లో పెట్టి, పీరియడంతా ల్యాబ్‌లో గడిపాం. 500 ఎం.ఎల్. సెలైన్, 8 గంటలు, ఎం.ఎల్.కి 20 చుక్కలు పడే సెట్టు (సెలైన్ గొట్టం). నిమిషానికి 21 చుక్కలు రావాలి. ఒకమ్మాయి 63 అంది.

"ప్యాకెట్ చదివావా?"

తిప్పి చూసి నాలుక్కరుచుకుంది. "ఎం.ఎల్.కి 60 చుక్కల మైక్రో సెట్టు అనుకున్నాను మేడమ్!" అలా వదిలితే బాటిల్ 2 గంటల 40 నిమిషాల్లో ఖాళీ. తర్వాత చుక్కల వేగం మార్చే రోలర్ క్లాంపు మెల్లగా తిప్పుతూ, వాచీలో సెకన్ల ముల్లు చూస్తూ, పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది.

డేటా అయిపోయి నలుగురు వీడియో చూడలేదు. వాళ్లకి పక్కవాళ్లే చెప్పేశారు, నాకన్నా బాగా. కాస్త గుచ్చుకుంది లెండి.