111 గంటల లెక్క

2021 అక్టోబరులో ఒక మంగళవారం, న్యూజెర్సీలో మా స్కూల్లో, ఖాళీ పీరియడ్‌లో పేపర్లు దిద్దుకుంటున్నాను. అడ్మిషన్స్ ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. "ఐదు నిమిషాలు వీలవుతుందా?" అంది. స్కూలు చూడ్డానికి ఒక ఇండియన్ ఫ్యామిలీ వచ్చిందట, నేను కనబడితే వాళ్లకు ధైర్యంగా ఉంటుందట. వెళ్లాను. వాళ్లది సూరత్. నాకు గుజరాతీ రాదు, వాళ్లకు తెలుగు రాదు. ముగ్గురం కలిసి ఇంగ్లిష్‌లోనే స్కూలు బావుందని చెప్పుకున్నాం. నలభై నిమిషాలు పోయాయి. ఆ పేపర్లు ఇంట్లో రాత్రి పదకొండున్నరకి తెమిలాయి.

ఆ నెలలో అది నాలుగోసారి. ఆ సంగతి నాకు ఆ రోజు తట్టలేదు. లెక్కల టీచర్నే గానీ, ఇలాంటివి లెక్కపెట్టడం చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను.

నేను గుంటూరులో ఆరేళ్లు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పాను. పెళ్లయ్యాక న్యూజెర్సీ వచ్చి, హెచ్4 వీసా మీద, అంటే ఉద్యోగం చేసే వీల్లేని భార్య వీసా మీద, నాలుగేళ్లు ఇంట్లో కూర్చున్నాను. 2015 మే 26 నుంచి రూలు మారింది. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే దరఖాస్తు) అప్రూవ్ అయితే, ఇంట్లో ఉన్న భార్యో భర్తో పని చేసుకోవడానికి అనుమతి అడగొచ్చు. ఆ అనుమతి కార్డు చేతికొచ్చిన వారంలోనే అప్లికేషన్లు మొదలుపెట్టాను. ఇక్కడి ప్రభుత్వ బళ్లలో పాఠం చెప్పాలంటే రాష్ట్రం ఇచ్చే సర్టిఫికెట్ ఉండాలి, ప్రైవేటు స్కూళ్లకు అక్కర్లేదు. అలా ఒక ఇండిపెండెంట్ స్కూల్లో, కాన్పుకు సెలవు పెట్టిన టీచర్ బదులు మూడు నెలలకని చేరి, అక్కడే ఉండిపోయాను.

ఇండిపెండెంట్ స్కూలంటే మన కార్పొరేట్ కాలేజీలాంటిది అనుకునేరు. అది కాదు. లాభాపేక్ష లేని సంస్థ. పైన ట్రస్టీల బోర్డు, ఆ బోర్డు నియమించుకున్న హెడ్ ఉంటారు. సర్కారు డబ్బు మీద కాకుండా ఫీజుల మీద, విరాళాల మీద నడుస్తుంది. మా దగ్గర ఫీజు ఏడాదికి నలభై వేల డాలర్లు దాటుతుంది. క్లాసుకు పదిహేను మంది, మంచి లైబ్రరీ, మధ్యాహ్నం వేడి భోజనం. యూనియన్ మాత్రం లేదు. ఏటా ఫిబ్రవరి చివర్లో వచ్చే ఏడాది కాంట్రాక్టు కాగితం వస్తుంది. అది రాకపోతే ఎందుకు రాలేదని ఎవరిని అడగాలో కూడా తెలీదు.

డెబ్బై మంది టీచర్లలో తెల్లవాళ్లు కానివాళ్లం ఏడుగురం. చిన్న పిల్లల సెక్షన్లో ఇంకో ఇండియన్ టీచర్ ఉండేది. ఆవిడ నాకన్నా అరడుగు పొడుగు, కళ్లజోడు పెట్టుకుంటుంది. అయినా నెలకోసారి ఎవరో ఒకరు నన్ను ఆవిడ పేరుతో పిలిచేవాళ్లు. మొదట్లో నవ్వేదాన్ని. తర్వాత సరిదిద్దేదాన్ని. మూడో ఏటికి ఆ పేరుకీ పలకడం మొదలుపెట్టాను.

2020 వేసవిలో, పోలీసు చేతిలో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషి హత్య తర్వాత, దేశమంతటా ప్రైవేటు స్కూళ్ల నల్లజాతి విద్యార్థులు, పూర్వ విద్యార్థులు తాము పడ్డవన్నీ ఇన్‌స్టాగ్రామ్‌లో రాయడం మొదలెట్టారు. మా స్కూలు మీదా రాశారు. చదివి రెండు రోజులు మనసు మనసులో లేదు. స్కూలు వెంటనే కమిటీలు వేసింది. అన్ని కమిటీల్లోనూ మా ఏడుగురి పేర్లే అటూ ఇటూ తిరిగాయి. 2021 మార్చిలో అట్లాంటాలో కాల్పులు జరిగి ఎనిమిది మంది చనిపోయారు, అందులో ఆరుగురు ఆసియా మూలాల ఆడవాళ్లు. మర్నాడు నాకు మెయిల్: అసెంబ్లీలో మీరు రెండు మాటలు మాట్లాడతారా? గుంటూరు నుంచి వచ్చినదాన్ని, కొరియా, చైనా కుటుంబాల దుఃఖం గురించి ఏం మాట్లాడను? మాట్లాడాను. ఏం చెప్పానో ఇప్పుడు ఒక్క ముక్క గుర్తులేదు.

ఆ ఏడాది శీతాకాలం నుంచి ఆదివారం సాయంత్రమైతే కడుపులో తిప్పడం, తెల్లవారుజామున మూడింటికి మెలకువ. మా ఆయన "మానెయ్, ఒక్క జీతం మీద సర్దుకుందాం" అన్నారు. అమ్మ ఫోన్లో "నీడపట్టున ఉద్యోగం, తల్లీ, ఇంకేం కావాలి నీకు?" అంది. ఇద్దరూ నా మంచికే చెప్పారు. కానీ నాకు పిల్లలకు పాఠం చెప్పడం ఇష్టం, ఆ ఉద్యోగం వదలాలని లేదు. అలాగని గట్టిగా మాట్లాడే ధైర్యమూ లేదు. వర్క్ పర్మిట్ రెన్యువల్ అప్పుడు నెలల తరబడి ఆలస్యమవుతోంది. కార్డు చేతికి రాక ఉద్యోగాలు ఆగిపోయిన హెచ్4 వాళ్లు మా కాలనీలోనే ఇద్దరున్నారు.

ఇన్సూరెన్స్ కాగితాల మధ్య, ఉద్యోగులకు కొన్ని కౌన్సెలింగ్ సెషన్లు ఉచితం అన్న లైను దొరికింది. ఆ సంగతి స్కూల్లో ఎవరూ చెప్పలేదు. వీడియోలో ఒక పెద్దావిడ నా గోడు అంతా విని ఒక్కటే అడిగింది: "పని దగ్గర ఎవరితో మాట్లాడుకుంటారు?" ఆలోచించాను. ఎవరూ లేరు.

అప్పుడు గుంటూరు స్టాఫ్ రూమ్ గుర్తొచ్చింది. అక్కడ జీతం తక్కువ, ఉదయం ఆరున్నరకే స్టడీ అవర్, ఎండాకాలం సెలవుల్లో జీతమే లేదు. అయినా ఒక్క ఫ్యాన్ కింద ఆరుగురం మేడమ్‌లం కారియర్లు విప్పుకుని ప్రిన్సిపాల్ని తిట్టుకుంటుంటే ప్రాణానికి హాయిగా ఉండేది. గోంగూర ఒకరిది, దొండకాయ వేపుడు ఇంకొకరిది, ఎవరి గిన్నె ఎవరి ముందుందో తెలిసేది కాదు. ఒక మేడమ్ మాత్రం కిటికీ పక్కన కూర్చుని తినేది. గాలి కోసం అనుకునేదాన్ని.

కౌన్సెలరే పీపుల్ ఆఫ్ కలర్ కాన్ఫరెన్స్ (తెల్లవాళ్లు కానివాళ్ల సభ) గురించి చెప్పింది. నేషనల్ అసోసియేషన్ ఆఫ్ ఇండిపెండెంట్ స్కూల్స్ వాళ్లు 1986లో మొదలుపెట్టిన సభ. హైస్కూలు పిల్లలకు వేరే సభ అవే రోజుల్లో, అదే ఊళ్లో జరిగేది. 2020, 2021లో ఆన్‌లైన్‌లో నడిపి, 2022లో మళ్లీ మనుషుల మధ్య, టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో పెట్టారు. స్కూల్లో ట్రైనింగ్‌కని విడిగా డబ్బుంటుంది. అడగాలంటే మొహమాటం. మూడుసార్లు మెయిల్ రాసి చెరిపేశాను. చివరికి నేను రాసింది నాలుగే లైన్లు: ఎక్కడ, ఎన్ని రోజులు, ఎంత ఖర్చు, ఆ రోజుల్లో నా క్లాసులకు ఏం పని ఇచ్చి వెళ్తాను. గంటలో ఓకే అని జవాబు. ఇంతోటి దానికి రెండు వారాలు టెన్షన్ పడ్డాను.

'పీపుల్ ఆఫ్ కలర్' అన్న మాటతో నాకు మొదట్నుంచీ పేచీ. మన దగ్గర రంగు మాటొస్తే పెళ్లిచూపులే గుర్తొస్తాయి. చామనచాయ, పసిమి ఛాయ, "పిల్ల కాస్త రంగు తక్కువండీ" అనే పెద్దమ్మలు. మా ఇంట్లో నేను 'రంగు తక్కువ' పిల్లనే. ఇక్కడికొచ్చాక మా అక్కా నేనూ ఒకే రంగైపోయాం. అక్కకు చెబితే పడీపడీ నవ్వింది.

నవంబరు చివర్లో వెళ్లాను. వేదిక మీద ఉపన్యాసాలు బానే ఉన్నాయి, కొన్ని మరీ పొడుగు. ఆ హాల్లో ఎవరూ నా వైపు తిరిగి చూడకపోవడం మాత్రం కొత్త. ఎటు చూసినా వేలమంది మాలాంటివాళ్లే. ఎస్కలేటర్ మీద నిలబడితే ఏళ్ల తర్వాత గుంపులో కలిసిపోయినట్టనిపించింది. భుజాలు అంత బిగబట్టి ఉంచుకున్నానని అవి కిందకు దిగినప్పుడే తెలిసింది.

అసలు పని జరిగింది అఫినిటీ గ్రూపుల్లో. ఏ జాతి మూలాలవాళ్లు ఆ గదిలో కూర్చుని మాట్లాడుకుంటారు, అక్కడి మాట బయటికి పోకూడదు. కాబట్టి ఇతరుల అనుభవాలు రాయను, నావే రాస్తాను. ఆసియా వాళ్ల గది చాలా పెద్దది. అందులోంచి దక్షిణాసియా వాళ్లం ఒక మూల చేరాం. నా వంతు వచ్చినప్పుడు సూరత్ ఫ్యామిలీ కథ చెప్పాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. అందరూ తలలూపారు. ఒకాయన ఆ పనికి పేరుందన్నాడు. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ అమాడో పడియా 1994లోనే దీన్ని 'కల్చరల్ టాక్సేషన్', అంటే సాంస్కృతిక పన్ను, అన్నాడట. సంస్థలో నీలాంటివాళ్లు తక్కువ కాబట్టి నీ మీద పడే పని, జీతంలో కనబడని పని. పన్నైతే రసీదు ఉండాలి కదా, అన్నాను. "రాసుకో మరి" అన్నాడాయన.

బయటికొస్తుంటే వెనక నుంచి "తెలుగా అండీ?" అని వినబడింది. ఫిలడెల్ఫియా వైపు ఒక స్కూల్లో కెమిస్ట్రీ చెబుతుంది. "మీదెక్కడండీ?" అంటే వరంగల్ అంది. న్యూజెర్సీలో నన్ను ఎవరైనా "అసలు ఎక్కడ నుంచి?" అంటే ఒళ్లు మండుతుంది. అదే ప్రశ్న తెలుగులో అడగడానికి నాకు ఒక్క క్షణం పట్టలేదు. అక్కడితో ఆగినా బావుండేది. "ఇంటిపేరేంటి?" అని కూడా అడిగాను, మామూలుగా. ఆవిడ నవ్వి, "కాఫీ తాగుదామా" అంది. నేనేం గమనించలేదు.

తిరిగొచ్చాక నోట్‌బుక్ కొన్నాను. సెప్టెంబరు నుంచి జనవరి దాకా క్యాలెండర్, మెయిళ్లు తవ్వి ఒక్కొక్కటీ రాశాను. టూర్లు, రెండు కమిటీలు, దీపావళి అసెంబ్లీ, దాని రిహార్సళ్లు, ఇండియన్ పేరెంట్స్ ఫోన్లు, బ్రోషర్ ఫొటోకి చీర కట్టుకు రమ్మన్న రోజు. నాకు బాధగా ఉన్నవి వేరే పేజీలో రాసి, ఆ పేజీ చింపేశాను. అంకెలు మాత్రం ఉంచాను. 21 వారాలకు 111 గంటలు, అంటే వారానికి ఐదు గంటల పైచిలుకు. నేను చెప్పే ఒక సెక్షన్ వారానికి నాలుగు పీరియడ్లు, ఒక్కోటి 55 నిమిషాలు. అంటే నాలుగు సెక్షన్లకు జీతం తీసుకుంటూ, అయిదో సెక్షన్ని మించిన పని ఊరికే చేస్తున్నాను.

ఫిబ్రవరిలో, కాంట్రాక్టులు రాకముందే, మా విభాగం చూసే డివిజన్ హెడ్‌ని కలిశాను. చేతులు చల్లబడ్డాయి. కథలేమీ చెప్పలేదు, పేజీ ఆయన ముందు పెట్టాను. ఆయన రెండుసార్లు కూడి చూసుకున్నాడు, నాకు అదే నచ్చింది. ఒక సెక్షన్ తగ్గించమన్నాను, కుదరదన్నాడు. రెండు కమిటీల్లో ఒకదాన్నుంచి తప్పించారు, రెండోదానికి స్టైపెండ్ ఇచ్చారు. టూర్లకు ముందురోజే అడగాలన్నారు, కాదంటే ఇంకెవరినైనా పిలుస్తారు. గట్టిగా చెప్పుకునేంత విజయం కాదిది. కానీ మార్చి కల్లా మూడింటి మెలకువ వారానికోసారికి తగ్గింది.

శాన్ ఆంటోనియోలో కలిసిన నలుగురం రెండు వారాలకోసారి ఆదివారం సాయంత్రం, సరిగ్గా నాకు కడుపులో తిప్పే వేళకు, వీడియోలో కలుస్తున్నాం. ఎజెండా లేదు. ఒకరు కూరలు తరుగుతుంటారు, ఒకరు పేపర్లు దిద్దుతుంటారు. హెడ్‌లను తిట్టుకుంటాం.

2023 ఫిబ్రవరి 21న సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది, అమెరికాలో అలా చేసిన మొదటి నగరం అదే. ఆ ఆదివారం మాట దాని మీదికి వెళ్లింది. ఇక్కడ కూడా ఇవన్నీ ఉన్నాయా అని నేనే అన్నాను. వరంగల్ ఆవిడ కత్తి పక్కన పెట్టింది. "ఆ రోజు మీరు ఇంటిపేరు అడిగారు, గుర్తుందా?" అంది. కోపంగా అనలేదు. తెలుగువాళ్లు కనబడితే తనకు ముందు సంతోషం, వెంటనే ఆ ప్రశ్న వస్తుందేమోనన్న భయం వేస్తాయంది. తెల్లవాళ్ల మధ్య ఒక రకం ఒంటరితనం, మన మధ్య ఇంకో రకం. సారీ చెప్పాను. ఆవిడ సరేనని మళ్లీ బెండకాయలు తరగడం మొదలుపెట్టింది. తర్వాతి కాల్‌కీ వచ్చింది, ఇప్పటికీ వస్తోంది.

ఆ రాత్రి గుంటూరు స్టాఫ్ రూమ్‌ని మళ్లీ తలచుకున్నాను. ఆరుగురం అన్నాను కదా. కిటికీ పక్కన కూర్చునే మేడమ్‌తో కలిపితే ఏడుగురం. ఆవిడ కారియర్‌లోంచి మేమెవరం ఎప్పుడూ ఏమీ తీసుకోలేదు, మాదీ ఆవిడకు పెట్టలేదు. ఆ కిటికీ గోడ వైపుకి తెరుచుకునేది, గాలి వచ్చేది కాదు. ఫ్యాన్ మా మీదే తిరిగేది.