స్పానిష్ ఎనిమిదో నెల: ఉన్నాను, ఉండేదాన్ని, ఆగా

ఈ నెల మొదటి వారం పాత బాకీ తీర్చడంతోనే సరిపోయింది. కిందటి నెల ఆవేశపడి, పదాల కార్డుల్ని మళ్ళీ మళ్ళీ చూపించి గుర్తుంచే అంకీ యాప్‌లోకి ఐదు వేల పదాల కట్ట దించుకుని, రోజుకు 40 కొత్తవి పెట్టుకున్నాను. పాతవి కూడా తిరిగొస్తాయి కదా, మూడు వారాలకల్లా ఒక్క ఉదయమే 380 కార్డులు ఎదురొచ్చాయి. కాడుగోడిలో మెట్రో ఎక్కి ఎం.జి. రోడ్‌లో దిగేదాకా నొక్కుతూనే ఉన్నా సగం కూడా కాలేదు. కట్ట మొత్తం తీసేశాను.

ఇప్పుడు రోజుకు ఎనిమిదే, అన్నీ నేను రాసుకున్నవే. నామవాచకాన్ని ముందున్న 'ఎల్' (పుంలింగం), 'లా' (స్త్రీలింగం)తో కలిపే రాస్తాను. చివర 'ఓ' ఉంటే పుంలింగం, 'ఆ' ఉంటే స్త్రీలింగం అనుకుంటే 'లా మానో' (చెయ్యి), 'ఎల్ మాపా' (పటం) ముంచేస్తాయి. అప్పనంగా దొరికే మాటలూ ఉన్నాయి: అలమారకి 'అర్మారియో', బొత్తానికి 'బొతోన్'. మనకి పోర్చుగీసు నుంచి వచ్చిన మాటలు, స్పానిష్‌కి చుట్టాలు.

అసలు గొడవ క్రియలతో. 'అబ్లో, అబ్లాస్, అబ్లా' (మాట్లాడతాను, మాట్లాడతావు, మాట్లాడుతుంది) అని ఎక్కంలా వల్లిస్తే పుస్తకం ముందు వస్తుంది, మనిషి ముందు రాదు. మా టీమ్‌లో మెక్సికో వాళ్ళు ఇద్దరున్నారు. పోయిన మంగళవారం కాల్‌లో 'రెడీనా?' అని అడిగితే ధైర్యం చేసి 'సోయ్ లిస్తా' అన్నాను. అవతల ఒకటే నవ్వు. 'సీ, యా సబేమోస్' అన్నాడు ఒకాయన, 'అవును, మాకు తెలుసు' అని. సిద్ధంగా ఉన్నానంటే 'ఎస్తోయ్ లిస్తా' అనాలట. నేనన్నదానికి అర్థం నేను తెలివైనదాన్ని అని!

రాత్రి అంట్లు తోముతూ ఆలోచిస్తే తట్టింది. 'నేను తెలివైనదాన్ని', 'నేను తెలుగుదాన్ని' అన్నప్పుడు తెలుగులో క్రియే ఉండదు. అక్కడ 'సోయ్'. 'సిద్ధంగా ఉన్నాను', 'బెంగళూరులో ఉన్నాను' అన్నప్పుడు 'ఉన్నాను' ఉంది. అక్కడ 'ఎస్తోయ్'. ఇన్నాళ్ళూ ఇంగ్లీషులోంచి వెళ్ళి దెబ్బతిన్నాను, అక్కడ రెండింటికీ 'యామ్' ఒక్కటే మరి. ఈ కిటుకు అన్నిచోట్లా పారదు. 'పార్టీ మా ఇంట్లో ఉంది' అనాలంటే 'లా ఫియెస్తా ఎస్ ఎన్ మి కాసా', ఆ 'ఎస్' 'సోయ్' వైపుది. అయినా పదిలో ఏడెనిమిది సార్లు గట్టెక్కుతున్నాను.

'గుస్తార్' (నచ్చడం) ఇంకా సులువు. దోసె నచ్చుతుంది, దోసెలు నచ్చుతాయి అన్నట్టే 'మె గుస్తా', 'మె గుస్తాన్'. ఇష్టపడేది నేనే అయినా క్రియ మారేది దోసెల్ని బట్టి.

ఏ2 స్థాయిలో (యూరప్ భాషల కొలమానంలో ఏ1 నుంచి సీ2 దాకా ఉన్న ఆరు మెట్లలో రెండోది) భూతకాలాలు రెండు వచ్చిపడతాయి, చాలామంది చతికిలపడేది అక్కడే. తిన్నాను అంటే 'కొమీ', తినేదాన్ని అంటే 'కొమీయా'. 'చిన్నప్పుడు హిందూపురంలో ఉండేవాళ్ళం' అని నోట్‌బుక్‌లో ముందు తెలుగులో రాసి, పక్కన 'బివీయామోస్' రాస్తాను. అలా రోజుకు ఆరు వాక్యాలు, పావుగంట పని. 'వొసోత్రోస్' (చనువున్నవాళ్ళతో 'మీరందరూ') రూపాలు మాత్రం వదిలేశాను. లాటిన్ అమెరికాలో వాడరు, నేను మాట్లాడేది మెక్సికో వాళ్ళతోనే.

ఉచ్చారణకి గొర్రె, బర్రె, కర్ర చాలు. 'పెరో' అంటే కానీ, 'పెర్రో' అంటే కుక్క. వంటింట్లో 'పెరో, పెర్రో, గొర్రె, బర్రె' అని సాధన చేస్తుంటే ఫోన్ స్పీకర్‌లో ఉన్న అమ్మ, 'ఎవరిని తిడుతున్నావే?' అంది.

ఇప్పుడు మూడో మెట్టు బీ1 గుమ్మంలో ఉన్నాను. 'నువ్వు రావాలని కోరుకుంటున్నాను' లాంటి వాక్యాల్లో 'రావాలని' దగ్గర క్రియ వేషం మారుస్తుంది: 'కియెరో కె వెంగాస్'. దీనికి 'నేను' రూపం గట్టిగా వచ్చి ఉండాలి, ఎందుకంటే '-ఎర్', '-ఇర్'తో ముగిసే క్రియల్లో చాలావాటికి దాని చివరి 'ఓ' తీసి 'ఆ' పెడితే పని అయిపోతుంది. 'తెంగో' (నాకు ఉంది) 'తెంగా' అవుతుంది, 'సాల్గో' (బయటికి వెళ్తాను) 'సాల్గా' అవుతుంది. పన్నెండు క్రియలు కాగితం మీద రాసి అలమార తలుపుకి అంటించాను. నాలుగోది 'ఆగో', అంటే చేస్తాను. దాన్ని మారిస్తే 'ఆగా'. మూడు రోజులుగా సరిగ్గా అక్కడే ఆగా.