తేమ గాలిలో ఎడారి జీవి: బియర్డెడ్ డ్రాగన్‌కి పెట్టె

బియర్డెడ్ డ్రాగన్ అనే బల్లి జాతి పుట్టిల్లు ఆస్ట్రేలియా నడిమి పొడినేల. శ్రీకాకుళంలో వీచేది సముద్రపు గాలి. పెట్టె కట్టేటప్పుడు ముందుగా చూసుకోవాల్సింది ఈ తేడానే. చలిదేశాల వాళ్ల సలహాలు చాలావరకు వేడి బయటికి పోకుండా కాపాడుకోమంటాయి. మనకి వేడికేం కొదవ లేదు. తేమ నిలవకూడదు, ఎండాకాలంలో కూడా ఒక చల్లటి మూల మిగలాలి. చేపల తొట్టి చవగ్గా వస్తుందని చాలామంది అదే వాడతారు గానీ, దానికి గాలి దారి పైనొక్కటే.

కొలత కనీసం 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు. పెద్ద జంతువు తోకతో కలిపి 45 నుంచి 60 సెంటీమీటర్లు ఉంటుంది. పొడవు తగ్గితే ఒక చివర 40 డిగ్రీలు, రెండో చివర 28 ఉంచడం కుదరదు. పిల్లే కదా అని చిన్న పెట్టె కొనడం దండగ, ఏడాది తిరిగేసరికి అది చాలదు.

12 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్‌తో వడ్రంగి చేత డబ్బా కొట్టించి, ముందు భాగాన్ని అల్యూమినియం కిటికీలు చేసేవాళ్లకి అప్పగించండి. 5 మిల్లీమీటర్ల గాజుతో జారే తలుపులు వాళ్లకి రోజువారీ పనే. లోపల వార్నిష్ వేస్తే వాసన పూర్తిగా పోయేదాకా, కనీసం రెండు వారాలు, ఖాళీగా ఆరనివ్వాలి. గాలి కోసం చల్లటి వైపు గోడకి కింద 12×4 అంగుళాల జాలీ, వేడి వైపు పైకప్పుకి 12×12 జాలీ పెట్టించండి. దీపం కింద వేడెక్కిన గాలి పైనుంచి పోతుంది, కిందనుంచి కొత్త గాలి దానంతటదే వస్తుంది. జాలీ స్టీలుదే కావాలి. నైలాన్ దోమల జాలీ దీపం వేడికి కరుగుతుంది, మేతగా వేసే పురుగులు కొరికేస్తాయి కూడా.

వేడికి 50 వాట్ల హాలోజన్ బల్బు, పింగాణీ హోల్డర్, చుట్టూ తీగ పంజరం. ప్లాస్టిక్ హోల్డర్ మెత్తబడి బల్బు ఊడిపడుతుంది. దాని పక్కనే, అదే చివర, 10 నుంచి 12 శాతం యూవీబీ (ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాల్లో ఒక రకం) ఇచ్చే సన్నటి టీ5 ట్యూబు. పెట్టె పొడవులో సగానికి పైగా రావాలి. ట్యూబుని జాలీ పైన పెడితే యూవీబీలో మూడో వంతు దాకా జాలీయే తినేస్తుంది, గాజైతే దాదాపు అంతా ఆపేస్తుంది. అందుకే లోపలే బిగించాలి. లెక్క ఇలా: ఎత్తు 24 అంగుళాలు, ట్యూబుకి 2, ఎండ కాచుకునే అరుగుకి 6, జంతువు వీపుకి 2 తీసేస్తే మధ్యలో 14 అంగుళాలు మిగులుతుంది. అది సరిపోయే దూరం. ఏడాదికోసారి ట్యూబు మార్చాలి. వెలుగు కనిపిస్తూనే ఉంటుంది, యూవీబీ మాత్రం పడిపోతుంది. అది అందకపోతే ఒంట్లో విటమిన్ డి3 తయారుకాదు, కాల్షియం ఒంటబట్టదు. దవడ మెత్తబడి, కాళ్లు వణికేదాకా బయటికి తెలియదు.

అరుగు పైన 38 నుంచి 42 డిగ్రీలు, చల్లటి వైపు 25 నుంచి 29. కోవిడ్ రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటరు దీనికి పనికిరాదు, రాయి వేడి చూసే ఇన్‌ఫ్రారెడ్ గన్ వేరే ఉంటుంది. మే నెలలో గదే 36 ఉంటే చల్లటి వైపు అన్నది ఉండదు. అప్పుడు బల్బు వాట్లు తగ్గించి, మధ్యాహ్నం ఆపేసి, గదిలో కూలరు కాకుండా ఏసీ వాడాలి. కూలరు తేమని పెంచుతుంది. దీపం కింద నోరు తెరుచుకుని పడుకోవడం మామూలే. చల్లటి చివర కూడా నోరు తెరుస్తుంటే దానికి తప్పించుకునే చోటు లేదని అర్థం.

ఇక తేమ. పుస్తకాల్లోని 30–40 శాతం కోసం వానాకాలంలో ఇక్కడ యుద్ధం చేయనక్కర్లేదు. 30 డిగ్రీల దగ్గర 80 శాతం ఉన్న గాలి, కొత్త నీరు కలవకుండా 40కి వేడెక్కితే దాదాపు 46 శాతానికి దిగుతుంది. అంటే పగలు దీపమే సగం పని చేసేస్తుంది. చిక్కంతా రాత్రి, అదీ నేల తడిగా ఉంటేనే. ఉద్దానం పక్కనే ఉంది కదా అని కొబ్బరి పొట్టు పరచకండి. అది నీళ్లు పట్టి ఉంచుతుంది. గరుకు టైల్సు చాలు: వేడిని పట్టుకుంటాయి, తుడవడం తేలిక, మింగే ప్రమాదం లేదు. నీళ్ల గిన్నె చిన్నది, చల్లటి వైపు పెట్టి, రాత్రికి తీసేయాలి. ముక్కు దగ్గర బుడగలు, పొట్ట కింద పసుపు మచ్చలు కనిపిస్తే తేమ గెలిచిందన్నమాట, పశువైద్యుడికి చూపించాలి.

తేమ మీటరు నిజం చెబుతోందా? సీసా మూతలో ఉప్పు, అది ముద్దయ్యేన్ని నీటి చుక్కలు వేసి, మీటరుతో పాటు మూసిన డబ్బాలో రాత్రంతా ఉంచితే 75 చూపాలి. టేబుల్ సాల్టే వాడండి. నౌపడ కళ్లుప్పులో మెగ్నీషియం లవణాలుంటాయి, అంకె తక్కువ చూపిస్తుంది.

ఎక్కడానికి జామ కొమ్మ మేలు. పలాస వైపు సులువుగా దొరికే జీడి కొమ్మ వద్దు, దాని రసం చర్మానికి పడదు. నాగావళి రాళ్లు పెడితే కడిగి ఎండబెట్టి, నేరుగా పెట్టె అడుగునే ఆనించాలి. ఊగే రాయి కింద ఈ జంతువులు దూరి నలిగిపోతాయి. పెట్టె కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టండి, లేదంటే మిగిలిన పురుగుల కోసం చీమలొచ్చి జంతువునీ కుడతాయి. ఆ గదిలో దోమల కాయిల్, చీమల మందు, స్ప్రే ఏదీ వద్దు.

మన ఉడుముని పట్టి పెంచడం 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం, ఆ ఆలోచనే వద్దు. విదేశీ జాతి కొన్నా బిల్లు దాచుకోండి. ఇగ్వానా లాంటి సైటిస్ (వన్యజాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలోవైతే కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్లో నమోదు చేయించాలి.

జంతువుని తెచ్చేముందు మూడు రోజులు ఖాళీ పెట్టెని నడిపి, పొద్దున, మిట్టమధ్యాహ్నం, తెల్లవారుజామున అంకెలు రాసుకోండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఉద్దానంలో చాలా ఊళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు గది 27, 28 ఉన్నంతవరకు దీపం లేకపోయినా తట్టుకుంటుంది, కానీ మేత ఆపేయాలి. వేడి లేకపోతే తిన్నది అరగదు, పొట్టలోనే కుళ్లుతుంది. దీపం మళ్లీ వెలిగి ఒక పూట ఎండ కాచుకున్నాకే పురుగులు వేయండి.