పాత రైలుకట్ట నుంచి తెల్లదారుల దాకా: ఇటలీలో గ్రావెల్ సైకిల్ ప్రయాణం, నా అనుభవం

ఇటలీలో గ్రావెల్ దారులు, అంటే తారు లేని కంకర దారులు, అని మనం అనేవి రెండు రకాలు. ఒకటి, రైళ్లు ఆగిపోయి పట్టాలు తీసేసిన పాత రైలుకట్ట. దాని మీదికి మోటారు బండి రాదు. రెండోది టస్కనీలోని స్ట్రాదె బియాంకె, అంటే తారు వేయని తెల్ల కంకర రోడ్లు. వీటి మీదికి కార్లు రావచ్చు. కాకపోతే వచ్చేది ఏ ద్రాక్షతోట యజమానో, ట్రాక్టరో. బండ్ల బెడద అసలే వద్దనుకునేవాళ్లు ఈ తేడా చూసుకోకుండా మ్యాప్‌లో గీత గీసుకుంటే వారాంతంలో దుమ్ము మింగాల్సి వస్తుంది. నా మటుకు నేను రెండూ కలిపి తొక్కమంటాను. ముందు ఉంబ్రియాలో స్పొలెటో–నోర్చా పాత రైలుకట్ట, తర్వాత సియెనాకి దక్షిణాన ఉన్న క్రెతె సెనేజి మట్టి గుట్టలు. మధ్యలో రైలు. నాలుగైదు రోజులు తీరుబడిగా సరిపోతుంది.

స్పొలెటోకి రోమ్ తెర్మినీ నుంచి ప్రాంతీయ రైలు నేరుగా ఉంది. నోర్చా వైపు వెళ్లే ఈ చిన్న రైలు మార్గం 1926లో మొదలై 1968లో మూతపడింది. గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 950 మి.మీ. మాత్రమే. కొండలో వాలు తగ్గించుకోవడానికి సొరంగాలు, వయాడక్టులు (లోయ మీది పొడవాటి వంతెనలు), మెలికలు తిరిగే వంపులతో కట్టారు. రైలు ఎక్కగలిగే వాలు కాబట్టి అతి నిటారైన చోట కూడా వెయ్యికి 45, అంటే 4.5 శాతమే. గ్రావెల్‌కి కొత్తవాళ్లు ఇక్కడే మొదలుపెట్టాలని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే. వాలు ముందే తెలిసిపోతుంది, కాళ్ల మీద కాక చేతుల మీద, చూపు మీద ధ్యాస పెట్టొచ్చు. కట్ట తెగి పక్కకి మళ్లించిన చోట్ల మాత్రం ఈ లెక్క పనిచేయదు. ఆ కొద్ది మీటర్లు దిగి తోసుకుంటూ పోవడమే మేలు.

స్పొలెటో స్టేషన్ సుమారు 300 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి కట్ట 600 మీటర్లు దాటి కప్రరేచ్చా సొరంగం దాకా ఎక్కి, అవతల నేరా నది లోయలోని సాంత్ అనతోలియా ది నార్కోకి దిగుతుంది. ఈ ముక్క మొత్తం 18 కి.మీ. పైచిలుకు. దూరం చూసి గంటలో అయిపోతుందనుకోవద్దు. పాత కంకర అక్కడక్కడ వదులుగా ఉంటుంది, సొరంగాల్లో నడక వేగమే. సగం పూట కేటాయించండి.

కప్రరేచ్చా సొరంగం దాదాపు 2 కి.మీ. లోపల దీపాలు లేవు. ఎండాకాలంలోనూ చలి, పైకప్పు నుంచి నీళ్లు కారతాయి. హెల్మెట్, ముందు వెనక లైట్లు తప్పనిసరి. 400 ల్యూమెన్లకి తక్కువ లైటుతో వెళ్లొద్దు, ఫోన్ టార్చి లెక్కలోకి రాదు. సొరంగం నోటి దగ్గర ఆగి చేయాల్సిన పనులున్నాయి: చలువ కళ్లద్దాలు తీసేయడం, ఎక్కిన చెమట మీద గాలి చొరని జాకెట్ వేసుకోవడం, లైటుని చక్రానికి పది మీటర్ల ముందు నేల మీద పడేలా కిందికి వంచడం, కళ్లు చీకటికి అలవాటుపడేదాకా ఒక నిమిషం నిలబడటం. ఎండలోంచి ఒక్కసారిగా దూరితే మొదటి యాభై మీటర్లలో ఏమీ కనిపించదు, సరిగ్గా అక్కడే వాన నీళ్లు తెచ్చిన బురద, రాళ్లు పోగుపడి ఉంటాయి. ఎదురుగా వచ్చేవాళ్ల కళ్లలో లైటు కొట్టకుండా చేయి అడ్డం పెట్టడం ఇక్కడి మర్యాద.

సాంత్ అనతోలియా దాటాక నోర్చా వైపు కట్ట 2016 భూకంపాల వల్ల, కొండరాళ్లు పడటం వల్ల బాగా దెబ్బతింది. ఏ ముక్క తెరిచి ఉందో బయలుదేరే ముందు రోజు స్పొలెటో పర్యాటక కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. ఎవరో ఎప్పుడో తొక్కిన దారిని చూపే పాత జీపీఎక్స్ ఫైలుని నమ్మొద్దు. దారికి అడ్డంగా 'క్యూజో' అని బోర్డు ఉంటే వెనక్కి తిరగాల్సిందే. అది మూసేశారని చెప్పే బోర్డు, అవతల వంతెన పిట్టగోడ కూడా ఉండకపోవచ్చు.

వచ్చిన దారినే తిరిగి వెళ్లకుండా నేను సూచించేది నేరా నది వెంట కిందికి దిగడం. షెజ్జీనో, ఫెరెంతిల్లో, అర్రోనె ఊళ్ల మీదుగా నది పక్కనే చదునైన కంకర దారి మార్మొరె జలపాతం దాకా పోతుంది. ఈ జలపాతం 165 మీటర్లది. క్రీ.పూ. 271లో రోమన్లు కాలువ తవ్వి వెలీనో నదిని కొండ అంచు మీంచి నేరాలోకి పడేశారు. ఇప్పుడా నీళ్లు విద్యుత్తుకి వాడుతున్నారు కాబట్టి పూర్తి ధార నిర్ణీత వేళల్లోనే వదులుతారు, ఆ వేళలు చూసుకుని బయలుదేరండి. అక్కడి నుంచి తెర్ని స్టేషన్ దగ్గరే.

తెర్ని నుంచి ఓర్తె, క్యూజి మీదుగా అషానో చేరాలి. మూడూ ప్రాంతీయ రైళ్లే. సైకిల్ గుర్తు ఉన్న రైలు ఎంచుకుని, సైకిల్‌కి వేరే టికెట్ తీసుకోవాలి. నాకు తెలిసి 3.50 యూరోలు, ఆ రోజంతా చెల్లుతుంది. కాగితం టికెట్ అయితే ప్లాట్‌ఫాం మీద యంత్రంలో ముద్ర వేయించాలి, ఫోన్ టికెట్ అయితే చెక్-ఇన్ నొక్కాలి. మర్చిపోతే టికెట్ ఉన్నా జరిమానాయే. చిన్న స్టేషన్ల లిఫ్టుల్లో సైకిల్ అడ్డంగా పట్టదు, కొన్నిచోట్ల లిఫ్టే ఉండదు. బ్యాగులు విప్పి మెట్లెక్కి దిగడానికి వీలుగా రైలు మార్పుకి 20 నిమిషాలకి తక్కువ పెట్టుకోవద్దు. పెద్ద వేగం రైళ్లలోకి సైకిల్‌ని విప్పి సంచిలో పెడితేనే రానిస్తారు.

ఇక క్రెతె. ఇది పూర్వం సముద్రపు అడుగు, అంతా బూడిదరంగు బంకమన్ను. చెట్టు నీడ దాదాపు లేదు. ఇక్కడ దారి ఎంపికలో ఒక్కటే ముఖ్యం: సున్నపురాయి కంకర పరిచి చదును చేసిన అసలైన తెల్లరోడ్డు వానలోనూ తొక్కొచ్చు, పొలాల మధ్య ట్రాక్టరు బాట తొక్కలేం. వాన పడిన బంకమన్నులో మన నల్లరేగడి చేలో జరిగేదే జరుగుతుంది. చక్రం రెండు చుట్లు తిరిగేసరికి టైరు మీద మట్టి పేరుకుంటుంది, ఫోర్కు కింద ఇరుక్కుంటుంది, చక్రం నిలిచిపోతుంది. బలంగా తొక్కితే వెనక డెరెయిలర్ హ్యాంగర్ (గేర్లు మార్చే భాగాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క) వంగుతుంది, లేదా విరుగుతుంది. దిగి, పుల్లతో గీకి, గడ్డి మీదుగా మోసుకెళ్లాలి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత మ్యాప్‌లో ట్రాక్ గ్రేడ్ (బాట ఎంత గట్టిదో చెప్పే అంకె) చూసుకోండి: 1, 2 అయితే ఏ కాలమైనా పరవాలేదు. 4, 5 అయితే ఒక పూర్తి ఎండ రోజు గడిచాకే. హ్యాంగర్ ఒకటి అదనంగా దగ్గర పెట్టుకోండి, ఒక్కో సైకిల్‌కి ఒక్కో మోడల్ కాబట్టి అక్కడి దుకాణంలో దొరుకుతుందని లేదు.

ఈ తెల్లరోడ్లు తారు కింద కలిసిపోకుండా కాపాడాలనే 1997లో గయోలె ఇన్ క్యాంతీలో లెరోయికా సైకిల్ యాత్ర మొదలైంది. దాని 209 కి.మీ. శాశ్వత మార్గానికి ఏడాది పొడవునా దారిగుర్తులు ఉంటాయి. 2007 నుంచి స్ట్రాదె బియాంకె రేసు కూడా ఈ రోడ్ల మీదే జరుగుతోంది. 209 కి.మీ. మొత్తం వద్దనుకుంటే అషానో నుంచి సియెనాకి రేసు చివరి భాగం తొక్కండి, సుమారు 50 కి.మీ. ముందు మోంతె సాంతె మరియె, 11.5 కి.మీ. కంకర. ఈ రేసుని మూడుసార్లు గెలిచిన ఫాబియన్ కాన్చెల్లారా పేరు ఈ ముక్కకే పెట్టారు. తర్వాత కాస్తెల్‌నూవో బెరార్దెంగా, మోంతపెర్తి, కొల్లె పింజూతో, లె తొల్ఫె. పింజూతోలో వాలు 15 శాతానికి చేరుతుంది, తొల్ఫెలో 18కి. రైలుకట్ట మీద 4.5 శాతం తొక్కి వచ్చిన కాళ్లకి ఇది వేరే లోకం.

గేర్ల లెక్క ఇక్కడే వేసుకోవాలి. మనిషి, సైకిల్, సామాను కలిపి 90 కిలోలు అనుకుంటే, 15 శాతం వాలులో గంటకి 6 కి.మీ. వేగానికి బరువు ఎత్తడానికే 220 వాట్లు కావాలి. రోడ్డు సైకిల్ గేరు 34/28, అంటే ముందు 34, వెనక 28 పళ్లు, అయితే ఆ వేగంలో పెడల్ నిమిషానికి 37 సార్లే తిరుగుతుంది. అంత నెమ్మదిగా, అంత బలంగా తొక్కితే ప్రతి తొక్కుకీ వెనక చక్రం కంకరలో జారుతుంది. ముందు 30, వెనక 34 పళ్లుంటే 51 సార్లు, వెనక 40 ఉంటే 60 దాకా వస్తుంది. తొక్కు సమంగా పడుతుంది, చక్రం పట్టు వదలదు. సీటు మీంచి లేవకుండా, దాని ముందు కొస వైపు జరిగి, మోచేతులు వంచి ఎక్కాలి. లేచి తొక్కితే బరువు ముందుకి పోయి వెనక చక్రం తేలిపోతుంది.

దిగేటప్పుడు కార్ల చక్రాలు అరగదీసిన గట్టి చాలులోనే ఉండండి. వదులు కంకర ఆ చాళ్ల మధ్యలోనూ, మలుపు బయటి అంచునా పోగవుతుంది. బ్రేకు మలుపుకి ముందే వేసి, మలుపులో వదిలేయాలి. మలుపులో ముందు బ్రేకు పట్టుకున్నవాళ్లే ఎక్కువగా పడతారు. రేకు మడతల్లా ఎగుడుదిగుడైన చోట హ్యాండిల్ బిగించి పట్టుకోకుండా, పిరుదులు సీటు మీంచి వేలెడు పైకెత్తి పోనివ్వండి.

టైర్లు 40 నుంచి 45 మి.మీ., ట్యూబ్‌లెస్. 70 కిలోల మనిషికి కొంచెం సామానుతో, 40 మి.మీ. టైరులో ముందు 32, వెనక 35 పీఎస్ఐ గాలి ఒత్తిడి దగ్గర మొదలుపెట్టి చూడండి. రాయికి రిమ్ము తగులుతున్న చప్పుడు వస్తే 2 పీఎస్ఐ పెంచాలి. సీలెంట్, అంటే చిన్న చిల్లులు పూడ్చే ద్రవం, టైరుకి 60 మి.లీ. ఉండాలి. రెండు మూడు నెలలకి ఎండిపోతుంది కాబట్టి బయలుదేరే వారంలో కొత్తది పోయండి. పదునైన రాళ్లకి పక్కగోడ కోసుకుంటే సీలెంట్ ఆపలేదు. చిల్లులో దూర్చే ప్లగ్గులు, టైరు లోపల పెట్టడానికి మందపాటి ప్యాచ్, ఒక ట్యూబు ఉండాలి. సాయంత్రం ఆగాక వాటర్ బాటిల్ పంజరం, ర్యాకు బోల్టులు రోజూ చేత్తో కదిపి చూడండి. కంకర అదురుకి ముందు వదులయ్యేవి అవే.

అషానో, కాస్తెల్‌నూవోల మధ్య దుకాణం లేదు. రెండున్నర లీటర్ల నీళ్లు మోసుకెళ్లాలి. అయిపోతే ఊరి శ్మశానం చూసుకోండి, ఇటలీలో పూలకి పోయడానికి అక్కడ కుళాయి ఉంటుంది. 'నోన్ పొతాబిలె' అని రాసి ఉంటే తాగొద్దు. దుకాణాలు మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా మూసేస్తారు, భోజనశాలలో రాత్రి వంట ఏడున్నరకి ముందు మొదలవదు. శాకాహారులకి వెల్లుల్లి టమాటా సాస్‌తో పిచి అనే లావు పాస్తా ఖాయంగా దొరుకుతుంది. సూప్ తీసుకునేముందు మాంసం రసంతో చేశారేమో అడగాలి.

కాలం విషయానికొస్తే ఏప్రిల్ నడిమి నుంచి మే చివరి దాకా, మళ్లీ సెప్టెంబరు. జూలై, ఆగస్టుల్లో క్రెతెలో నీడ లేక ఒళ్లు కాలిపోతుంది. సెప్టెంబరు మూడో ఆదివారం నుంచి వేట కూడా చూసుకోవాలి. ఇటలీ చట్టం ప్రకారం మంగళవారం, శుక్రవారం వేట నిషేధం. అడవి దారులు ఆ రెండు రోజులకి పెట్టుకుని మిగతా రోజుల్లో రోడ్డు పక్కనే ఉండండి, నారింజరంగు చొక్కా వేసుకోండి. గొర్రెల మంద కనిపిస్తే తెల్ల మరెమ్మా కుక్కలు ఉంటాయి. వేగంగా దాటాలని చూడొద్దు. దిగి, సైకిల్‌ని మీకూ కుక్కకీ మధ్య పెట్టుకుని, మందకి దూరంగా నడవండి. అవి కాపలా కుక్కలు, మీరు దూరమైతే ఆగిపోతాయి.

సియెనాలో రేసు ముగిసేది పియాజ్జా దెల్ కాంపోలో. దానికి ముందున్న సాంతా కతెరీనా వీధి 16 శాతం రాతి పలకల ఎక్కుడు. వానకి జారుతుంది, పైగా జనం, కాబట్టి నడిపించుకుంటూ వెళ్లడమే సబబు. స్టేషన్ ఊరికి కింద ఉంటుంది. ఫ్లోరెన్స్ రైలెక్కే ముందు టైర్ల మట్టి దులపండి. బ్రేకు ప్యాడ్లు కూడా చూడండి. ఈ తెల్ల దుమ్ము తడిసిందంటే సాండ్‌పేపర్‌లా అరగదీస్తుంది. ప్యాడ్ పదార్థం ఒక మి.మీ.కి దిగితే మార్చేయాలి, అందుకే కొత్త జత ఒకటి సంచిలో వేసుకుని బయలుదేరడం మంచిది.