వ్యాపారి సమయాన్ని అడగడం ఎలా

ఒక యువజన కార్యక్రమంలో కొన్నేళ్ళుగా స్వచ్ఛందంగా పనిచేస్తూ, దాని తరఫున స్థానిక వ్యాపారులతో మాట్లాడే బాధ్యతను చూస్తున్నాను. మొదటి ఏడాది నేను చేసిన తప్పుతోనే మొదలుపెడతాను. కార్యక్రమ లక్ష్యాలను రెండు పేజీల్లో వివరించి, చివర ‘మీకు తోచిన సహాయం చేయగలరు’ అని చేర్చి, అదే ఉత్తరాన్ని 40 మంది వ్యాపారులకు పంపాను. ముగ్గురు జవాబిచ్చారు. ముగ్గురూ కొంత సొమ్ము ఇచ్చి, ఆటల పోటీల బ్యానర్ మీద తమ సంస్థ పేరు వేయమన్నారు. పోటీలు ముగిసి బ్యానర్ దించిన రోజుతో ఆ సంబంధమూ ముగిసింది. తోచిన సహాయం అడిగితే ఎవరికైనా ముందుగా తోచేది డబ్బేనని, అదీ ఇబ్బంది లేనంత మేరకే తోస్తుందని నాకప్పుడు తట్టలేదు.

డబ్బు అవసరం ఏ సంస్థకైనా ఉంటుంది, మాకూ ఉంది. అయితే మా దగ్గరికి వచ్చే పిల్లలకు అంతకంటే పెద్ద లోటు పరిచయాలది. ఉద్యోగం వెతుక్కునేవారికి అవకాశం గురించిన సమాచారం దగ్గరి బంధుమిత్రుల కంటే, అప్పుడప్పుడు మాత్రమే కలిసే పరిచయస్తుల ద్వారా ఎక్కువగా అందుతుందని అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో వాదించాడు. కారణం సులువైనదే: మన ఇంట్లోవాళ్ళకు తెలిసినది చాలావరకు మనకూ తెలిసే ఉంటుంది, కొత్త కబురు రావాలంటే వేరే లోకంలో తిరిగే మనిషి కావాలి. తల్లిదండ్రులకే అలాంటి పరిచయాలు లేని ఇంటి పిల్లవాడికి ఒక లెక్కల గుమాస్తానో, ఒక మెకానిక్కో, ఒక దుకాణం యజమానో పేరుపెట్టి పిలిచేంత దగ్గరైతే, ఆ పిల్లవాడికి కలిగే మేలు ఏ చెక్కుతోనూ రాదు. అందుకే రెండో ఏడాది నుంచి ఉత్తరాలు మానేసి, ఒక్కొక్కరినీ స్వయంగా కలిసి, వారి పని ప్రదేశాన్ని, వారి సమయాన్ని అడగడం మొదలుపెట్టాను.

అలా కలిసినవారిలో చెక్కపని వర్క్‌షాపు నడిపే పెద్దమనిషి ఒకరు. నేను చెప్పినదంతా విని, “పిల్లలొస్తే నా పని ఆగిపోతుందండీ. ఎవరికైనా చెయ్యి తెగితే సమాధానం ఎవరు చెప్తారు?” అని అడిగారు. నా ఉత్తరంలోని రెండు పేజీల్లో ఈ రెండు ప్రశ్నలకూ జవాబు లేదు. ఏ వ్యాపారికైనా మనసులో ఉండేవి ఈ రెండే కాబట్టి, సేవ గురించీ సమాజం గురించీ ఉపన్యాసం ఇవ్వడానికి ముందే వీటికి జవాబు సిద్ధం చేసుకుని వెళ్ళాలి. వారంలో పని పలచగా ఉండే పూట ఏదని అడిగితే మంగళవారం మధ్యాహ్నం అన్నారు. నలుగురు పిల్లలు, రెండు గంటలు, 6 వారాలు. మా పెద్దవారు ఒకరు ఆసాంతం అక్కడే ఉంటారు. కరెంటు యంత్రాల జోలికి ఎవరూ వెళ్ళరు. ఇంత కచ్చితంగా చెప్పాక ఆయన ఒప్పుకున్నారు.

మొదటి మంగళవారం ఆయన పిల్లల ముందు ఒక చెక్క పెట్టి, మూలమట్టం ఆనించి పెన్సిల్‌తో అడ్డంగా గీత గీసి, “ఎక్కడ కోస్తారు?” అని అడిగారు. నలుగురూ గీత మీద వేలు పెట్టారు. ఆయన గీత మీదే కోసి, ఆ ముక్కను కొలిచి చూపించారు, కొలత తగ్గింది. రంపం పళ్ళకు మందం ఉంటుంది కాబట్టి ఆ మేరకు చెక్క పొట్టుగా పోతుందని, ఆ పోయేదేదో మనకు అక్కర్లేని ముక్కవైపు నుంచి పోయేలా గీతకు అవతల కోయాలని, కోత అయ్యాక కూడా గీత మన ముక్క మీద కనబడుతూ ఉండాలని చెప్పారు. మా తరగతి గదిలో ఈ పాఠం చెప్పగలిగినవారు ఒక్కరూ లేరు.

ఇక్కడ జాగ్రత్తగా చూసుకోవలసిన హద్దు ఒకటుంది. ఐక్యరాజ్యసమితి గణాంకాల కోసం 15 నుంచి 24 ఏళ్ళ వారిని యువతగా లెక్కిస్తుంది. 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక సాధారణంగా 18 ఏళ్ళ లోపు వారిని బాలలుగా చూస్తుంది. అంటే మన కార్యక్రమాల్లో చేరే చాలామంది ఒకేసారి యువతా, బాలలూ కూడా. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1973లో చేసిన 138వ ఒడంబడిక ప్రకారం పనిలో చేరే కనీస వయసు సాధారణంగా 15 ఏళ్ళకు తగ్గకూడదు, ప్రమాదకరమైన పనులకైతే అది 18. దేశాన్ని బట్టి చట్టం మారుతుంది కనుక తమ దేశంలోని నిబంధన చూసుకోకుండా ఎవరూ సంతకం చేయకూడదు. నా మటుకు నేను పెట్టుకున్న గుర్తు ఇది: పిల్లలు చేసిన వస్తువును యజమాని అమ్మకానికి పెట్టిన క్షణం నుంచి అది నేర్పడం కాదు, జీతం ఇవ్వని పని. నేర్పినందుకు ప్రతిఫలంగా చిన్నాచితకా పనులు చేయించుకుంటే తప్పేమిటని అడిగినవారు లేకపోలేదు. వారితో మర్యాదగానే మాట్లాడి వెనక్కి వచ్చేశాను. పొగాకు, మద్యం, పందేల వ్యాపారాల సొమ్ము విషయంలో అంత మాట కూడా అక్కర్లేదు.

ఒప్పందం ఎంత స్నేహంగా కుదిరినా కాగితం మీద ఉండాలి, అదీ ఒక పేజీ దాటకూడదు. ఎవరు ఎప్పుడు వస్తారు, పిల్లల వెంట ఎవరుంటారు, ఏ పనిముట్టు ముట్టుకోకూడదు, దెబ్బ తగిలితే ఎవరికి ఫోన్ చేయాలి, తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఫొటోలు ప్రచారానికి వాడకూడదు వంటివి అందరూ రాస్తారు. చాలామంది వదిలేసేది, మధ్యలో ఆపవలసివస్తే ఎలా ఆపాలన్న సంగతి. వారం ముందు చెబితే చాలు, కారణం చెప్పనక్కర్లేదు అని మేము రాసుకున్నాము. పైకి ఇది అపనమ్మకంలా కనిపిస్తుంది గాని, మొహమాటంతో తప్పించుకు తిరిగే అవసరం లేదని తెలిశాకే వ్యాపారులు ధైర్యంగా ఒప్పుకోవడం నేను చూశాను.

ఆ నిబంధన మాకు రెండో జట్టుతోనే అవసరపడింది. పెద్ద ఆర్డరు ఒకటి రావడంతో మూడో వారం నుంచి కుదరదని వర్క్‌షాపు యజమాని ముందుగానే కబురు పెట్టారు. పిల్లలు నిరుత్సాహపడ్డారు, నేనూ పడ్డాను. రెండు నెలల తరువాత ఆయనే ఫోన్ చేసి, ఆగిన చోటి నుంచి మొదలుపెడదామన్నారు. చిత్రిక పట్టడం దగ్గర ఆపాము కాబట్టి అక్కడి నుంచే మొదలుపెట్టాము. మంగళవారం ఆయనకు వీలుపడటం లేదని, రోజు మాత్రం గురువారానికి మార్చుకున్నాము.