ఎక్స్‌రేలో కనిపించని మణికట్టు నొప్పి

తడిసిన మెట్ల మీద కాలు జారినప్పుడు కుడి అరచేయి నేలకు ఆనించి ఆపుకున్నాను. ఎముక విరగలేదని ఎక్స్‌రేలో తేలడంతో, ఇది బెణుకు మాత్రమేనని, నాలుగు రోజుల్లో అదే తగ్గిపోతుందని నమ్మాను. ఏడు వారాలు గడిచినా కుర్చీ మీద చేయి మోపి లేవబోతే మణికట్టు వెనుకభాగం కలుక్కుమనేది, సీసా మూత తిప్పబోతే పట్టు సడలేది. చివరికి చేతి శస్త్రవైద్యురాలు పరీక్షించి, స్కేఫాయిడ్, లూనేట్ అనే రెండు ఎముకలను కలిపే లిగమెంట్ కొంతమేర చిరిగిందని చెప్పారు.

మణికట్టులో 8 చిన్న ఎముకలు రెండు వరుసలుగా ఉంటాయి. ముంజేతి వైపు ఉన్న వరుసలో, చిటికెన వేలి వైపున్న బఠాణీ గింజంత ఎముకను మినహాయిస్తే, మిగిలిన మూడింటికీ (స్కేఫాయిడ్, లూనేట్ వీటిలోవే) కండరాలనుంచి వచ్చే స్నాయువులేవీ నేరుగా అతుక్కుని ఉండవు. అంటే అవి తమంతట తాము కదలలేవు. చుట్టూ ఉన్న ఎముకల ఒత్తిడికి, లిగమెంట్ల పట్టుకు లోబడి మాత్రమే కదులుతాయి. స్కేఫాయిడ్‌కు ముందుకు వంగే స్వభావం, దాని పక్కవాటికి వెనక్కు వాలే స్వభావం ఉంటే, ఆ రెండు లాగుడులనూ సమతూకంలో నిలిపేది ఈ లిగమెంటే. నాకు అన్నిటికంటె ముఖ్యంగా తోచిన సంగతి ఇదే. ఆ లిగమెంట్ పూర్తిగా తెగితే ఎముకలు క్రమంగా వాటి దారిన అవి వాలిపోతాయి, కొన్నేళ్లకు మృదులాస్థి అరిగి కీలువాతం రావచ్చు.

మామూలు ఎక్స్‌రే ఈ దెబ్బను తరచుగా పట్టుకోలేదు. పిడికిలి గట్టిగా బిగించి తీసినప్పుడే ఎముకల మధ్య సందు తెరుచుకుని కనిపించవచ్చు; కొందరికి ఆ సందు పుట్టుకతోనే కాస్త వెడల్పుగా ఉంటుంది కనుక రెండో చేతితో పోల్చి చూడాలి. ఎంఆర్ఐ కూడా కొన్ని చిరుగులను దాటవేస్తుంది, అనుమానం తీరనప్పుడు ఆర్థ్రోస్కోపీతో, అంటే కీలులోకి సన్నని కెమెరా గొట్టం పంపి, లోపల నేరుగా చూస్తారు. బొటనవేలి మొదట్లో ఏర్పడే గుంటలో నొక్కితే నొప్పి ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే స్కేఫాయిడ్ ఎముక విరిగినా అది సైతం మొదటి రోజు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. అందుకే చేతిని కదలకుండా కట్టి 10 నుంచి 14 రోజుల తర్వాత మళ్లీ చూస్తారు, లేదా ముందే స్కాన్ చేయిస్తారు.

నొప్పి చిటికెన వేలి వైపు ఉండి, తలుపు పిడి తిప్పినప్పుడు ఎక్కువైతే అది వేరే సమస్య కావచ్చు. అక్కడ మృదులాస్థి, లిగమెంట్లు కలిసిన ముక్కోణపు పొర ఒకటి ఉంటుంది, దెబ్బ దానికి తగిలి ఉండవచ్చు.

నా చిరుగు పాక్షికమే కాబట్టి కొన్ని వారాలు స్ప్లింట్ (మణికట్టు కదలకుండా ఉంచే పట్టీ), ఆపైన ఫిజియోథెరపీ సరిపోయాయి. అంతకుముందు బలం వస్తుందనుకుని రోజూ రబ్బరు బంతి పిసికేవాడిని, అది పొరపాటు. పిడికిలి గట్టిగా బిగించినప్పుడు మధ్యనున్న పెద్ద ఎముక వెనక్కు నెట్టుకొచ్చి, దెబ్బతిన్న ఆ రెండు ఎముకలను విడదీయాలని చూస్తుంది. థెరపిస్ట్ దానిని మాన్పించి, గురిపలక మీదికి డార్ట్ (చిన్న బాణపు ముల్లు) విసిరేటప్పటి చేతి కదలికను నేర్పారు: మణికట్టు వెనక్కు, బొటనవేలి వైపు వాలిన స్థితినుంచి ముందుకు, చిటికెన వేలి వైపు సాగే కదలిక. ఇందులో పని ఎక్కువగా రెండు వరుసల నడుమ జరుగుతుంది, గాయపడిన లిగమెంట్ మీద భారం తక్కువగా పడుతుంది. అయితే ఏ వ్యాయామం ఎప్పుడు మొదలుపెట్టాలో పరీక్షించినవారే చెప్పాలి.

పూర్తిగా తెగినప్పుడు మొదటి కొద్ది వారాల్లోనే శస్త్రచికిత్సతో నేరుగా కుట్టడానికి మంచి అవకాశం ఉంటుంది. ఆలస్యమైతే వేరే స్నాయువుతో పునర్నిర్మించవలసి వస్తుంది, ఆ తర్వాత కొంత బిగుసుదనం మిగలడం సాధారణం. నేను ఏడు వారాలు ఊరికే గడిపేసినందుకు ఇప్పటికీ బాధపడేది అందుకే. చిరుగు పూర్తిదై ఉంటే ఆ అవకాశం నా చేయి దాటిపోయేది.

ఇప్పుడు నొప్పి దాదాపు లేదు. నేలమీదనుంచి లేచేటప్పుడు మాత్రం అరచేయి పరచకుండా, మణికట్టు నిటారుగా ఉండేలా పిడికిలి ఆనించి లేస్తున్నాను.